అమ్మ దోసె చల్లారకముందే

మొన్న శనివారం సాయంత్రం మెట్ల దగ్గర ఎదురుపడి పక్కింటావిడ ఓ ప్రశ్న వేసింది.

"ఏమండీ, మీరు కథలూ నవలలూ రాస్తారు, సభలంటూ నాలుగూళ్ళు తిరుగుతారు. రేపు మా పెళ్ళిరోజు. పిల్లల్ని తీసుకుని బయట భోజనానికి వెళ్దామనుకుంటున్నాం. మంచి హోటలొకటి చెబుదురూ! మా ఆయనకి రుచి సరిగ్గా ఉండాలి, లేకపోతే ఇంటికొచ్చేదాకా సణుగుతూనే ఉంటారు. పిల్లలకేమో కారం తగలకూడదు. పైగా ఒక్కచోట కుదురుగా కూర్చోరు."

"సరే, మరి మీకేం కావాలి?" అన్నాను.

ఆవిడ ఓ క్షణం తెల్లబోయింది. "నాదేముందండీ! వాళ్ళు తింటే నేను తిన్నట్టే" అని నవ్వేసింది.

నేనూ నవ్వాను. కానీ ఇంట్లోకొచ్చి కుక్కరు పెడుతుంటే ఆ మాట మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. పెళ్ళిరోజు ఇద్దరిదీ కదా! హోటలు ఎంచుకునేటప్పుడు మాత్రం ఒకరి నాలుకా, పిల్లల పొట్టా లెక్కలోకొచ్చాయి. 'తల్లిదండ్రులు' అన్న మాటలో తల్లే ముందుంటుంది. బల్ల దగ్గరికొచ్చేసరికి ఆవిడ వంతు ఆఖరు.

సినిమాకి విమర్శ ఉంది, నవలకి ఉంది. హోటళ్ళ మీద రాసేవాళ్ళకీ కొదవలేదు. రుచి ఎలా ఉంది, ధర ఎంత, బల్ల శుభ్రంగా ఉందా అని చూస్తారు వాళ్ళు. మూడేళ్ళ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో మంచినీళ్ళ గ్లాసు దొర్లిపోకుండా పట్టుకుని, రెండో చేత్తో తినే మనిషి ఏమంటుందో రాసినవాళ్ళు నా కంటికి పెద్దగా కనబడలేదు. అందుకని ఈ వారం ఆ పని నేను పెట్టుకున్నాను.

సాహిత్యంలోకి తొంగిచూసినా ఇదే వరస. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూళ్ళ ఇల్లు ఉంది, రూకకి దొరికే కమ్మని భోజనం ఉంది. ఆ ఊరంతా తిరిగి చూసేవాళ్ళు మాత్రం ఇద్దరు మగ స్నేహితులు. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ ఉంది. వండి పెట్టేది ఆవిడ, తినిపోయేది గిరీశం లాంటివాళ్ళు. ఎవరినో అనడం ఎందుకు, నా నవలలే తీసుకోండి. నా కథానాయికలు హోటలుకి వెళ్ళారు. కాఫీ తెప్పించుకున్నారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, కాఫీ చల్లారిపోయింది. ఒక్కతె కూడా పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్ళలేదు. వెళ్ళుంటే ఆ కాఫీ ఎందుకు చల్లారిందో చెప్పడానికి విషాదం అక్కర్లేకపోయేది.

ఇక అసలు సంగతికొస్తాను.

పిల్లలతో వెళ్ళదగ్గవంటూ మనకి చూపించే హోటళ్ళలో మొదటిరకం ఆటస్థలం ఉన్నవి. ఓ మూల జారుడుబల్ల, రంగురంగుల ప్లాస్టిక్ బంతుల గుంట, గోడమీద కార్టూను బొమ్మలు. మా చిన్నదానికి మూడేళ్ళప్పుడు ఊరి బయట కొత్తగా పెట్టిన అలాంటి చోటికి వెళ్ళాం. పిల్లలకి వేరే మెనూ కార్డు ఇచ్చారు. ఏనుగు బొమ్మ, దానికింద వేయించిన బంగాళాదుంప ముక్కలు, తెల్లసాసు పాస్తా, చీజు శాండ్విచ్చి, నూడిల్సు. నేను చూసిన పిల్లల కార్డులన్నిట్లోనూ ఇవే ఉంటాయి, బొమ్మలో ఏనుగు పోయి కోతి వస్తుంది, అంతే తేడా! పిల్లలకి నచ్చే తిండిని వేరే పెట్టెలో పెట్టి అమ్మడం కొత్త సంగతేం కాదు. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు బొమ్మతో కలిపి 'హ్యాపీ మీల్' అంటూ 1979లోనే మొదలెట్టారు. 1996లో ఆ దుకాణం మనదేశానికీ వచ్చింది. వ్యాపారం వాళ్ళది, వాళ్ళనేం అంటాం? గుత్తివంకాయ వండే మన హోటలు కూడా పిల్ల కనబడగానే వంకాయ దాచేసి బంగాళాదుంప చూపిస్తుందే, అదీ నా బాధ.

ఇంతకీ ఆ రోజు జరిగిందేమిటంటే, మా అమ్మాయి పాస్తా నాలుగు ముక్కలు తిని బంతుల గుంటలోకి దూకింది. ఒకటే పిల్ల మీద పిల్ల! వాళ్ళని చూసుకోవడానికి హోటలు తరపున మనిషెవరూ లేరు. గుంట చుట్టూ నిలబడిన అమ్మలమే కాపలా. మావారు భోజనప్రియులు. లోపల కూర్చుని ఒక్కో కూరా రుచి చూసి, "నువ్వూ వచ్చి తినవోయ్, బాగానే ఉంది" అని కేకేశారు. నేను వెళ్ళేసరికి రొట్టె అప్పడంలా అయింది, పనీరు మీద నెయ్యి తెట్టు కట్టింది. పిల్ల వదిలేసిన పాస్తా వృథా ఎందుకని అదే తిన్నాను. ఆటస్థలం పిల్లలకి వినోదమే, నాన్నగారికి విశ్రాంతే. అమ్మకి మాత్రం ఇంకో డ్యూటీ.

రెండోరకం, రుచికి పేరుపడ్డ ఏసీ హోటళ్ళు. వంట నిజంగానే బాగుంటుంది, నేను కాదనను. కానీ ఆర్డరిచ్చాక ముప్పావుగంట! ఈలోగా స్టార్టర్లని ఎర్రగా మండేవి ఏవో వస్తాయి. "కారం తక్కువగా చెయ్యించు బాబూ" అంటే సర్వరు తలూపుతాడు. తల ఊపినంత మాత్రాన కారం తగ్గదని మీకూ అనుభవమే. ఆకలేసిన పిల్ల పంచదార పొట్లాలు చింపుతుంది, ఫోర్కుతో బల్ల వాయిస్తుంది, ఆఖరికి వాళ్ళ నాన్న భుజమ్మీద నిద్రపోతుంది. అప్పుడొస్తుంది బిర్యానీ!

పిల్లల్ని తప్పుపట్టేముందు వాళ్ళ నాలుక సంగతి కాస్త తెలుసుకోవాలి. కారం అనేది అసలు రుచే కాదు, మంట. మిరపలో ఉండే కాప్సెయిసిన్ నొప్పిని, వేడిని పసిగట్టే నరాలని రెచ్చగొడుతుంది. అది నీళ్ళలో కరగదు. అందుకే ఎన్ని నీళ్ళు తాగించినా ఏడుపు ఆగదు గాని, పాలో పెరుగో ఇస్తే తగ్గుతుంది. ఆవకాయ తర్వాత పెరుగన్నం పెట్టిన మన పెద్దవాళ్ళకి ఈ మాట ఎవరూ పాఠం చెప్పలేదు. అలాగే రెండు మూడేళ్ళ నించి అయిదారేళ్ళ దాకా చాలామంది పిల్లలకి కొత్త తిండి అంటే బెదురు. ఒకసారి 'ఛీ' అన్నది ఎనిమిదిసార్లో పదిసార్లో కాస్త కాస్త నాలిక్కి తగిలాక గాని ఇష్టం కాదని పిల్లల తిండి మీద పరిశోధించినవాళ్ళు చెబుతారు. అంటే పిల్లకి వేరే కార్డిచ్చి కూర్చోబెడితే ఆ పదిసార్లలో ఒక్కసారీ మొదలవదన్నమాట! పెద్దవాళ్ళు తినే వంటే కారం లేనివైపు నుంచి పిల్లకి అందాలి.

అలాంటి చోటు ఉందా అంటే, ఉంది. మన కళ్ళెదుటే ఉంది.

పొద్దున్నే మంచి టిఫిను హోటలుకి వెళ్ళి చూడండి. ఇడ్లీ ఆవిరి మీద వాయికి వాయి దిగుతూనే ఉంటుంది గనక అడిగిన అయిదు నిమిషాల్లో బల్లమీదుంటుంది. ఆకలేసిన పసివాడికి అయిదు నిమిషాలంటే తెలుసుగా, అరగంట! విజయవాడ బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న వేసి పెడతారు, పక్కన కారప్పొడి. వెన్నవైపు పిల్లలది, పొడివైపు మనది. పెసరట్టు ఉప్మా అంతే. లోపలి ఉప్మా పిల్లకి, అల్లం ముక్కలున్న అట్టూ అల్లప్పచ్చడీ మనకి. ఒకే వంట, రెండు వయసులు. ఇక అద్దం వెనక పెనం మీద అట్టు తిప్పే మనిషి ఉంటే, ఆయన్ని మించిన ఆటస్థలం ఏముంటుంది చెప్పండి?

మధ్యాహ్నమైతే అరిటాకు భోజనం. కాకినాడ సుబ్బయ్యగారి హోటలు పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. ఆకు నిండా కూరలు, పచ్చళ్ళు, పొళ్ళు వడ్డించే ఆ పద్ధతిని కాస్త విమర్శక దృష్టితో చూడండి. మన భోజనం మొదలయ్యేది పప్పూ నెయ్యితో, ముగిసేది పెరుగుతో. రెండు చివర్లూ పసిపిల్లవే! మధ్యలో ఉన్న వేపుళ్ళు, పులుసు, గోంగూర, ఆవకాయ పెద్దవాళ్ళవి. పిల్ల పప్పన్నంతో మనతోపాటే మొదలెడుతుంది, పెరుగన్నంతో మనతోపాటే ముగిస్తుంది. మధ్యలో మన ఆకులోకి తొంగిచూసి, "అదేంటమ్మా?" అని ఓ వేలు ముంచి నాకుతుంది. ఆ వేలే పదిసార్లలో ఒకసారి. ఏ ఏనుగు బొమ్మ కార్డూ చెయ్యలేని పని అది.

మాంసాహారులు దిగులుపడక్కర్లేదు. హైదరాబాదు కచ్చి బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన అన్నం పైన పరిచి దమ్ చేస్తారు. కనక పై అన్నం తెల్లగా, కమ్మగా, కారం లేకుండా ఉంటుంది. సర్వరు మామూలుగా అన్ని పొరలూ వచ్చేట్టు గరిటె నిలువుగా దించుతాడు. "పిల్లకి పైన తెల్లన్నం ఓ గరిటెడు వేరే పెట్టు బాబూ" అని అడిగితే చాలామంది సంతోషంగానే పెడతారు. దానిమీద పెరుగు చట్నీ కలిపితే పిల్లకీ పండగే. కారం తగ్గించమంటే వంటవాడికి చిరాకు. వండినదాంట్లోంచే ఫలానాది పెట్టమంటే ఎవరికీ కష్టం లేదు. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఇద్దరు పిల్లలు పెరగాల్సొచ్చింది.

అలాగని మన హోటళ్ళన్నీ బంగారమని నేననను. విమర్శ అన్నాక రెండోవైపూ చెప్పాలి. భోజన హోటళ్ళలో 'ఒక ప్లేటు ఇద్దరు తినరాదు' అని గోడమీద బోర్డు. రెండు ముద్దలు తినే మూడేళ్ళ పిల్లకి ఫుల్ మీల్సు టికెట్టు కొనమంటారు. అలా అన్న ఒక చోట మావారు టికెట్టు కొన్నారు, పిల్ల రెండు ముద్దలే తింది, మిగిలిన అన్నం కుప్ప చూసి వడ్డించే ముసలాయనే నొచ్చుకున్నాడు. పిల్లకి సగం ధర పెడితే హోటలు మునిగిపోతుందా? చేతులు కడుక్కునే తొట్టి చూస్తే పిల్లలకి అందనంత ఎత్తు. వాళ్ళని ఎత్తి పట్టుకుని కడిగే అమ్మ చీర ఎప్పుడూ తడే. పసిబిడ్డకి గుడ్డలు మార్చాలంటే చోటుండదు. మనం ఆఖరి ముద్ద కలుపుతుండగానే బల్ల కోసం వచ్చినవాళ్ళు కుర్చీ వెనకాలే నిలబడతారు. వెనకటికి 'ఫ్యామిలీ రూము' అని పరదా కట్టిన చిన్న గదులుండేవి. గాలాడేది కాదు, సర్వరు కంటికి ఆనేవాళ్ళం కాదు. అయినా ఓ తల్లి బిడ్డకి పాలిచ్చుకునే మరుగైనా దొరికేది. పరదాలు తీసేయడం మంచిదే. ఆ మరుగు కూడా పరదాతోపాటే పోయింది.

ఇంతకీ నా దృష్టిలో మంచి హోటలుకి కొలత ఏమిటంటారా? నాకు ఆ కొలత ఎనిమిదేళ్ళప్పుడే దొరికింది. అప్పుడు అదే కొలతని తెలియదు, అంతే.

ఆ వేసవి సెలవులకి మద్రాసులో మా మేనమామగారింటికి వెళ్ళాం. కెథెడ్రల్ రోడ్డు మీద వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ ఉండేది. 1962లో పెట్టిన హోటలు. 2008లో మూతపడింది, ఇప్పుడా చోట సెమ్మొళి పూంగా అనే తోట ఉంది. మావయ్య ఫియట్ కారు చెట్టుకింద ఆపగానే సర్వరు వచ్చి కారు తలుపుకి ఓ ట్రే తగిలించాడు. మేం పిల్లలం ఇడ్లీ నోట్లో కుక్కుకుని చెట్లకింద పరుగు. అమ్మ కార్లోనే కూర్చుంది. అక్కణ్ణించి మేం కనబడుతూనే ఉన్నాం, లేచి రావలసిన పని లేదు. దాహమేసి నేను తిరిగొచ్చేసరికి అమ్మ మసాలా దోసె తింటోంది. పొగలు కక్కుతున్న దోసె. విరిచిన ముక్కని చట్నీలో ముంచి, కళ్ళు మూసుకుని తింటోంది. నేను చెయ్యి చాపితే, "ఉండవే, నీకింకోటి చెబుతాను, ఇది నాది" అంది.

అమ్మ నోటివెంట తిండి విషయంలో 'ఇది నాది' అన్న మాట అంతకుముందు నేను వినలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కాబట్టి నా కొలత ఒకటే. అమ్మ ప్లేటులోది వేడిగా ఉండగా అమ్మ తిందా, లేదా? తింటే అది మంచి హోటలు. రుచి, ధర, అలంకారం తర్వాతి మాట.

అయితే ఈ కొలతతో కొలిస్తే తప్పంతా హోటలుది కాదని తేలింది. సగం మన బల్లదే. "ముందు పిల్లకి తెచ్చిపెట్టు" అని అందరం అంటాం. నేనూ అనేదాన్ని. ముందొస్తే ముందు తినిపించాలి, మనది వచ్చేసరికి పిల్లకి పొట్ట నిండి కాళ్ళకి పని కావాలి, దాని వెంట మనం పరుగు. ఇప్పుడు అన్నీ ఒక్కసారే తెమ్మంటున్నాను. సెల్‌ఫోను చేతికిచ్చి బొమ్మలు చూపిస్తూ నోట్లో కుక్కడం కూడా మానేశాం. ఏం తిన్నదో తెలియని పిల్లకి రుచి ఎప్పటికి తెలుస్తుంది? జనం రాకముందే, మధ్యాహ్నం పన్నెండుకీ రాత్రి ఏడుకీ వెళ్తున్నాం. అన్నిటికంటే ముఖ్యమైనది వంతు. ఒకసారి మావారితో అన్నాను, "మొదటి పది నిమిషాలూ పిల్ల మీది. తర్వాత నాది" అని. ఆయన కాస్త ఆశ్చర్యపోయారు. "అడగొచ్చుగా ఇన్నాళ్ళూ!" అన్నారు. నిజమే, అడగలేదు. ఆయన చూడలేదు, నేను అడగలేదు. మధ్యలో పదేళ్ళపాటు దోసెలన్నీ చల్లారిపోయాయి.

మొదటిసారి ఆయన పిల్లకి ఇడ్లీ తినిపిస్తే చొక్కా నిండా సాంబారే. అయినా నేను లేవలేదు. లేవకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

పక్కింటావిడకి ఇదంతా చెప్పే టైము లేదు. మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టి, ఆకు భోజనం పెట్టే ఓ హోటలు పేరు చెప్పి, "పప్పూ నెయ్యి వడ్డించగానే చంటివాణ్ణి మీ ఆయన ఒళ్ళో కూర్చోబెట్టండి, మీరు కదలకండి" అన్నాను. ఆవిడ నన్నో వింతమనిషిని చూసినట్టు చూసింది. చేసిందో లేదో నేనడగలేదు.

పోయిన నెల అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు అందరం టిఫినుకి వెళ్ళాం. ప్లేట్లు రాగానే అలవాటు ప్రకారం అమ్మ తనది పక్కకి జరిపి, మా చిన్నదాని దోసె తుంచబోయింది. మావారు మాటాడకుండా ఆ ప్లేటు తనవైపు లాక్కుని తుంచడం మొదలెట్టారు. అమ్మ చేతులకి పని లేకపోయింది. కాసేపు అటూ ఇటూ చూసి, తన దోసె విరిచింది. నెమ్మదిగా తింది, పూర్తిగా తింది. కాఫీ కూడా వేడిగానే తాగింది.

ఇంటికొస్తుంటే కార్లో ఉన్నట్టుండి మొదలెట్టింది. "సాంబార్లో ఇంగువ ఎక్కువైందే. చట్నీ బాగుంది, కానీ కొబ్బరి పిసినారితనంగా వేశాడు. హోటలు సాంబారు హోటలు సాంబారే అని మీ నాన్నగారు ఎప్పుడూ అంటూండేవారు. కాబోలు అనుకునేదాన్ని. ఇందులో అంత గొప్పేముందీ?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. డెబ్బై దాటిన మనిషి. ఇన్నేళ్ళలో అమ్మ ఒక్క హోటలునీ విమర్శించగా నేను వినలేదు. అన్నీ బాగానే ఉన్నాయనేది. విమర్శించాలంటే ముందు వేడిగా తినాలి కదా!

"అయితే ఇంకెప్పుడూ అక్కడికి వద్దామ్మా?" అన్నాను.

"వద్దని ఎవరన్నారు? వచ్చే ఆదివారం పెసరట్టు చూద్దాం" అంది.